శీకాయతో కడిగిన మేకపిల్ల

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను బేతంచెర్ల పక్క పల్లెకు కాపురానికి వచ్చాను. పుట్టింట్లో ఎద్దులే తప్ప మేకలు లేవు. అత్తగారింట్లో ఎనిమిది మేకలు. వాటన్నిటి అరుపూ ఒక ఎత్తు, మా అత్త అరుపొక్కటీ ఒక ఎత్తు.

ఒక పొద్దున అత్త చేనికి పోయినప్పుడు, నాపరాళ్ల దొడ్డిలో నల్లమేక ఈనింది. దానికదే తొలిచూలు. ఒక్కటే పిల్ల, ఒళ్లంతా జిగురూ మన్నూ. పాపం అనిపించి, తల్లి నాకకముందే ఎత్తుకొచ్చి, పసిబిడ్డకు పోసినట్టు గోరువెచ్చని నీళ్లు పోసి, శీకాయ పెట్టి మరీ రుద్దాను. పాత చీరముక్కతో తుడిచేసరికి నిగనిగలాడింది. ఎంత మురిసిపోయానో! తీసుకెళ్లి తల్లి ముందు వదిలితే, అది వాసన చూసి కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్లీ వదిలితే మళ్లీ కుమ్మింది.

అంతలో అత్త వచ్చింది.

"ఏం జేస్తివే?"

"మురికిగా ఉంటే నీళ్లు పోసినా అత్తా."

"వాసనంతా కడిగేస్తివి గదే! ఇంగ అది బిడ్డనెట్ల గుర్తు పడతాది? పాలు తాగకుంటే సాయంత్రానికి సచ్చిపోతాది."

చేజేతులా చంపుకున్నానని ఏడుపొచ్చింది. అత్త తిడుతూనే మేక పాలు పిండి పిల్ల ఒంటికి పూసి, పైన ఉప్పు చల్లింది. మేక ఉప్పయితే నాకింది గాని పొదుగు దగ్గరికి రానివ్వలేదు. మధ్యాహ్నమైంది. పిల్ల అరుపు సన్నబడింది.

"పక్కింట్లో కుక్క ఉండాది, పట్టుకరా పో," అంది అత్త.

తాడు కట్టి తెచ్చాను. కుక్క మేకపిల్లను చూసి ఒక్కసారి మొరిగింది. అంతే, నల్లమేక ఎగిరొచ్చి పిల్లకు అడ్డంగా నిలబడింది. తల వంచి ముందుకాలితో నేలను తన్నింది. నేను కుక్కను అవతలికి లాగేశాను. మేక వెనక్కి తిరిగి పిల్లను నాకడం మొదలుపెట్టింది. పిల్ల పొదుగు అందుకుని తోకాడించింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. అత్త మాత్రం ఇంకా తిడుతూనే ఉంది.

సాయంత్రం, కుక్క ఎందుకు కావలసొచ్చిందో కనుక్కుందామని పక్కింటావిడ వచ్చింది. సంగతి విని పకపకా నవ్వింది.

"ఏం కోడల్ని తెచ్చుకుంటివమ్మా! రేపు మేకకు జడేసి పూలు గూడా పెడతాదేమో!"

పొద్దుటి నుంచి నన్ను దుమ్మెత్తిపోసిన అత్త, చేతిలోని చేట కింద పెట్టి, లేచొచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"మా కోడలు, మా మేక. నీళ్లు పోస్తాది, పూలు పెడతాది. నడుమ నీకేమమ్మా?"

ఆ పూట పక్కింటి కుక్కకు పెద్ద సంగటి ముద్ద పెట్టాను. న్యాయంగా పక్కింటావిడకూ ఒకటి పెట్టాల్సింది.