అంకెలకు గోత్రం అడిగిన రూతమ్మ గారు

మొన్న మా తమ్ముడి కూతురి శుభలేఖలు ఎంచడానికి గవర్నర్‌పేటలో ఒక దుకాణానికి వెళ్లాను. యజమాని కొత్త కార్డుల కట్ట తీసి, బొటనవేలితో ఫర్రుమని ఆడించాడు. ఆ చప్పుడుకీ, ఆ అట్టల వాసనకీ పెళ్లి సంగతే మరిచిపోయాను. డెబ్బైల్లో రేకు పెట్టెల్లో సర్దుకుని, పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని హైదరాబాదుకు మోసిన పంచ్ కార్డులు, కంప్యూటరుకు లెక్కలు అందించే చిల్లుల అట్టలు, గుర్తొచ్చాయి. వాటి వెనకాలే మా రూతమ్మ మేడం గారు. ఏ రంగు కావాలని ఆయన అడుగుతూనే ఉన్నాడట, నాకు వినపడితేగా!

రూతమ్మ గారు బెజవాడలో మా కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. నేను దివిసీమ రైతుబిడ్డను, ఆమె దగ్గర పరిశోధన చేసేదాన్ని. మేం చేసే పని మా ఇంట్లో ఒక్కరికీ తలకెక్కేది కాదు. ఫలానా పరమాణు కేంద్రకం నుంచి వచ్చే గామా కిరణానికి శక్తి ఎంత అంటే, ఒక్కో ప్రయోగశాల ఒక్కో అంకె చెబుతుంది. అవన్నీ పోగేసి, ఏది నమ్మదగిందో తేల్చి, ఒకే అంకెను పుస్తకంలో అచ్చు వేయాలి. రియాక్టర్లు కట్టేవారు ఆ పుస్తకాన్నే నమ్ముకుంటారు. ఆ తేల్చే పనికి ఒక ప్రోగ్రాము, తేలినదాన్ని అచ్చుకు పట్టికలుగా దించడానికి మరో ప్రోగ్రాము మేం రాస్తున్నాం. కంప్యూటరేమో హైదరాబాదులో ఉంది. బెజవాడ కాలేజీకి ఇంత పనెందుకని బొంబాయిలో అణుశక్తి శాఖ పెద్దలు గొణిగారు. మొదటి విడత వాళ్లకు నచ్చకపోతే పని మా చేతుల్లోంచి పోతుంది. మేడం గారికి అదే బెంగ. నాకైతే ఒళ్లు మంట.

ఒక కేంద్రకం దగ్గర మా బండి ఆగిపోయింది. పాత కొలతలన్నీ ఒక అంకె చుట్టూ చేరాయి. కొత్తగా వచ్చిన ఒకటి రెండు మాత్రం పక్కకు జరిగి ఉన్నాయి. ప్రోగ్రాము ఎక్కువమంది వైపే మొగ్గేది. అంతమంది చెబుతుంటే ఇంకా అనుమానమేమిటండీ అని నేను విసుక్కునేదాన్ని. అంతమంది చెప్పడమే తన అనుమానం అనేవారామె. ఎందుకో మాత్రం ఆమెకూ తెలియలేదు.

ఆ అవస్థలోనే ఒకసారి హైదరాబాదు రైలెక్కాం. కొండపల్లి దాటిందో లేదో, ఎదురు సీట్లో పెద్దావిడ మొదలుపెట్టింది. మా వైపు సంగతి తెలిసిందే, కొత్తమనిషి కనిపిస్తే ఊరూ, ఇంటిపేరూ, గోత్రమూ, మేనమామలెవరన్నదీ రాబట్టందే ముద్ద దిగదు. కొడుక్కి సంబంధాలు చూస్తోందట. నా గోత్రం వినగానే పాపం ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో, మనమూ మనమూ ఒకటేనమ్మా. మావాడు నీకు అన్నవుతాడు" అని, ఓదార్పుగా నా చేతిలో ఒక జంతిక పెట్టింది. నేను నవ్వాపుకోలేక మేడం గారి వైపు చూశాను. ఆమె నవ్వడంలేదు. క్రైస్తవుల ఇంట పుట్టిన మనిషి, గోత్రాల గొడవ ఆమెకు లేనే లేదు. అయినా నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఏమ్మా, మన అంకెల్ని గోత్రం అడిగామా?"

అడగలేదు. కొలిచే ముందు ప్రతివారూ తమ పరికరాన్ని, శక్తి ముందే తెలిసిన ఒక కిరణంతో సరిచూసుకుంటారు. ఆ తెలిసిన అంకెను ఎవరి దగ్గర తెచ్చుకున్నారో మేం పట్టించుకోలేదు. తిరిగొచ్చి వ్యాసాలన్నీ తవ్వితే, పాతవాళ్లంతా ఒకే పాత కొలతను నమ్ముకున్నారని తేలింది. ఆ కొలత కాస్త తప్పని ఈమధ్యే బయటపడింది. మూలపురుషుడి తప్పు ఇంటిల్లిపాదికీ సంక్రమించిందన్నమాట. ఇక ప్రతి కార్డులోనూ గోత్రానికి చోటు పెట్టాం. ప్రోగ్రాము ముందు ఎవరు ఎవరింటివారో విడదీస్తుంది, మూలంలో తప్పుంటే ఆ ఇంటి అంకెలన్నిటినీ కలిపి సరిచేస్తుంది. అలా సరిచేయగానే పాత అంకెలు వచ్చి కొత్తవాటి పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. కంప్యూటరు గదిలో నేను గంతు వేశాను, సిగ్గెందుకు!

బొంబాయి నుంచి పరీక్షించడానికి వచ్చినాయన తెనాలి వైపువారే, అయినా మాతో అంతా ఇంగ్లీషే. లోకమంతా ఒప్పుకున్న అంకెను మార్చడానికి మీరెవరన్నారు. ఈ పనిని ఇంకెక్కడికైనా పంపడం మంచిదని మెత్తగా చెప్పారు. నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. మేడం గారు నిమ్మళంగా తెలుగులో అడిగారు, "మీది ఏ గోత్రమండీ?"

ఆయన తెల్లబోయి చెప్పారు.

"అదే గోత్రం పిల్లని మీ అబ్బాయికి చేసుకుంటారా?"

"ఎలా చేసుకుంటామండీ?" ఆయనకు తెలియకుండానే తెలుగు వచ్చేసింది.

"మరి వీళ్లంతా సగోత్రీకులండీ. వేరేవాళ్లుగా ఎలా లెక్కపెట్టమంటారు?" అని పట్టిక ఆయన ముందుకు జరిపారు.

ఆయన చదివారు. వెనక్కి తిప్పి మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఈ కార్డుల కట్ట ఇంకొకటి కొట్టించి ఇస్తారా మేడం గారూ, బొంబాయిలో మావాళ్లూ వాడాలి అన్నారు. ఆయన కారు గేటు దాటాక మేడం గారు నా భుజం మీద ఒక్కటి చరిచి, "గెలిచామే!" అన్నారు. అంతవరకూ ఆమె నన్ను ఒసే, ఏమే అని పిలిచి ఎరగరు. ఆ ఏడాదే మా కాలేజీ పేరుతో పుస్తకం అచ్చయింది. ఆమె ఆ పుస్తకాన్ని పటమటలో తన ఇంటికి వచ్చిన పాలవాడికి కూడా చూపించారు.

తర్వాత నేనూ ఆ పనిలోనే తల నెరిపించుకున్నాను. పెద్ద పెద్ద సభల్లో అందరూ ఒక మాట అంటుంటే, ఒక్కదాన్నే లేచి కాదనాల్సి వచ్చిన రోజులున్నాయి. భయం మాత్రం వేయలేదు, అది మేడం గారు పెట్టిన భిక్ష. ఆ మాట ఎవరెవరు ఎక్కడ తెచ్చుకున్నారో అడిగి, నా ఎదురుగా ఉన్నది నిజంగా పదిమందా, ఒక్కడా అని ముందు కనుక్కునేదాన్ని. చాలాసార్లు ఒక్కడే ఉండేవాడు.