పింగాణీ బట్టీకి లక్క సీలు

ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరి పెరట్లోనైనా మామూలు కన్నా కాస్త ఎక్కువ పొగ లేస్తే, పాపం ఏదో వండుకుంటున్నారని ఎవరూ అనుకునేవారు కాదు. బంగారం కరిగిస్తున్నారనే అనుకునేవారు. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది, భూమి అడుగున బంగారం తరిగిపోతోందని పెద్దలు చెప్పుకునేవారు, కానీ మనుషుల్లో అనుమానం మాత్రం ఏ మాత్రమూ తరగలేదు. మా నాయన మిల్లులో గుమాస్తా. మిల్లంటే పిండి మిల్లు కాదు, గనిలోంచి వచ్చిన రాయిని పొడి చేసి బంగారం తీసే చోటు. ఆయన ముట్టుకునేది కాగితాలనే అయినా, రోజూ ఇంటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర రెండు చేతులూ పైకెత్తి నిలబడాల్సిందే. జేబులు, నడుము, చెప్పులు, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నె అన్నీ తడిమి చూసి పంపేవారు. ముప్పై ఏళ్లుగా అదే అలవాటై, దర్జీ టేపు బయటికి తీసినా సరే ఆయన చేతులు వాటంతట అవే లేచిపోయేవి. (ఒకసారి పెళ్లిలో పన్నీరు చల్లడానికి వచ్చిన చిన్నపిల్ల ముందు కూడా చేతులెత్తి నిలబడ్డాడు. మేమంతా నవ్వాం. ఆ నవ్వు గురించి చివర్లో చెబుతాను.)

అలాంటి ఊళ్లో, అలాంటి మనిషి ఇంట్లో నేను పింగాణీ బట్టీ పెట్టాను. బెంగళూరులో బొమ్మలు వేసే చదువు చదువుకుని వచ్చి, ఉద్యోగం చేయను, పింగాణీ పళ్లాలు, కప్పులు నేనే చేసి, వాటి మీద నేనే బొమ్మలు వేసి బతుకుతానని ప్రకటించాను. మా అమ్మ నుదురు కొట్టుకుంది. "ఉండే అంట్లు తోమేదానికే నా చేతులు పడిపోతా ఉండాయి. ఇంగ ఇది కొత్తవి చేస్తాదంట!" అంది. నాయన మాత్రం పేపరు దించకుండా "చేయనీలే" అన్నాడు. ఆయన దేనికీ పేపరు దించేవాడు కాదు. పెరట్లో కట్టెల కొట్టం ఖాళీ చేసుకుని, తలుపు మీద నీలం రంగుతో 'స్టూడియో' అని రాసుకుని, ఆ అక్షరాలు ఎంత బాగా కుదిరాయో చూసుకోవడానికి మొదటి వారమంతా లోపలికీ బయటికీ తిరిగాను. పనేమీ మొదలుపెట్టలేదు.

పింగాణీకి మూడు ముఖ్యం. తెల్లమట్టి, ఫెల్‌స్పార్ అనే రాయి పొడి, పలుగురాయి పొడి. మా ఊళ్లో బంగారం దొరికేది కూడా పలుగురాయిలోనే. గని నుంచి రాయి ముక్కలు దొంగతనంగా తెచ్చి, ఇంట్లో నూరి, కాల్చి బంగారం తీసేవాళ్లు అక్కడక్కడా ఉన్నారన్నది పసిపిల్లలకు కూడా తెలుసు. నేనేం చేశాను? ముళబాగిలు బస్సులో గోనెసంచి నిండా పలుగురాయి తెచ్చుకుని, కండక్టరు చేతే దింపించుకుని, వీధిలో అందరి ముందూ ఈడ్చుకుంటూ ఇంటికి తీసుకొచ్చాను. పాత డ్రమ్ముకు మోటారు తగిలించి ఆ రాయిని పొడి చేశాను. అది గరగరమని మిల్లులాగానే మోగేది. ఆ తరవాత కొట్టం బయట కట్టిన బట్టీని కిరసనాయిలు బర్నరుతో వెలిగించాను. దొంగ బంగారం తీయాలనుకున్న మనిషి కూడా ఇంత శ్రద్ధగా అన్నీ అమర్చుకుని ఉండడు.

మా లైన్లో, అంటే మా క్వార్టర్సు వరసలో, కొళాయి ఎవరి ఇంటి ముందు ఉండేదో ఆవిడని అందరం కొళాయత్త అనేవాళ్లం. వీధిలో వార్తలన్నీ ఆ నీళ్లతోనే ఇళ్లకు చేరేవి. ఒకరోజు గోడ మీంచి తల పెట్టి "ఏమ్మా, అంత వేడి ఎందుకు? మట్టి కుండలు కాల్చేదానికి కట్టెపుల్లలు చాలవా?" అంది.

"ఇది మట్టి కాదత్తా, పింగాణీ. చాలా వేడి కావాల."

"బంగారం కరిగే వేడి కన్నానా?"

"దాని కన్నా ఎక్కువే అత్తా!" అన్నాను గొప్పగా. ఆ రోజు అంత గొప్పగా జవాబు చెప్పకుండా ఉంటే ఈ కథే ఉండేది కాదు.

అప్పటినుంచి వీధి చూపు మారిపోయింది. పాలవాడు పాలు పోస్తూ పెరటి వైపు మెడ సాచేవాడు. ఎప్పుడూ మా ఇంటికి రాని వాళ్లు పంచదార అప్పు అడిగే వంకతో వచ్చి, పంచదార తీసుకోకుండానే వెళ్లిపోయేవారు. గోడ అవతల ఎవరో నిలబడి దగ్గు ఆపుకుంటున్న చప్పుడు వినిపించేది. నేనేమీ తెలివి తక్కువదాన్ని కాదు కాబట్టి నాకూ అనుమానం వచ్చింది. నా గ్లేజు రహస్యం కొట్టేయడానికే వీళ్లంతా తిరుగుతున్నారని! (పింగాణీ పళ్లానికి గాజులాంటి నునుపు తెచ్చే పూతను గ్లేజు అంటారు. దాని పాళ్లు నాకు తప్ప జిల్లాలో ఎవరికీ తెలియవని, తెలుసుకోవాలని అందరూ తహతహలాడుతున్నారని నా నమ్మకం.) ఆ పాళ్లు రాసుకున్న కాగితాన్ని బియ్యం డబ్బాలో దాచాను. కొళాయత్తతో మాటలు తగ్గించాను. ఆవిడ కరివేపాకు అడిగితే చెట్టు ఎండిపోయిందన్నాను. చెట్టేమో ఆవిడ కళ్ల ముందే పచ్చగా ఊగుతోంది.

అప్పటికి నాకు బెంగళూరులో ఒక ప్రదర్శనలో చోటు దొరికింది, జీవితంలో మొదటిసారి. పన్నెండు పళ్లాలు పంపాలి. వాటి మీద మా ఊరినే వేశాను. గనిలోకి దిగే షాఫ్టు మీద తిరిగే చక్రం, కొళాయి దగ్గర బిందెల వరస, బంగారం తీసేశాక మిగిలిన పొడి ఊరి చుట్టూ పోసిన తెల్లటి సైనైడు దిబ్బలు, వాటి వెనక సూర్యుడు. బొమ్మంతా నీలం రంగులో. సూర్యుడికి మాత్రం నిజమైన బంగారు పూత వేయాలని ముచ్చటపడ్డాను. ఆ పూత చిటికెనవేలంత సీసాలో ద్రవంగా వస్తుంది. పూసేటప్పుడు బెల్లం పాకంలా గోధుమ రంగులో ఉంటుంది, బట్టీలో కాలితేనే బంగారమై మెరుస్తుంది. ఆరు నెలల పనిలో ఎన్నో పగిలిపోగా మిగిలిన పన్నెండు అవి. ప్రదర్శనకు పదిహేను రోజులుంది. ఇక నాయన రిటైర్మెంటుకు ఎనిమిది నెలలు. ఆయన మీద చిన్న మచ్చ పడినా ఉద్యోగమూ, మేమున్న క్వార్టర్సూ రెండూ పోతాయి. ఇది మాత్రం ఆ పన్నెండు పళ్లాల మైకంలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ రోజు తెల్లారగానే బట్టీ వెలిగించి, సూర్యుళ్లను కాల్చి, మధ్యాహ్నానికి బర్నరు ఆపేశాను. ఎన్నడూ సెలవు పెట్టని నాయన ఆ రోజు తలనొప్పి అని పన్నెండింటికే ఇంటికి వచ్చి పేపరు పట్టుకుని కూర్చున్నాడు. రెండు గంటలకు గనుల సెక్యూరిటీ ఆఫీసరు ఇద్దరు గార్డులతో గుమ్మంలో నిలబడ్డాడు. మేమాయనను టోపీ సార్ అనుకునేవాళ్లం, నెత్తి మీద టోపీ లేకుండా ఆయనను చూసినవాళ్లు లేరు. ఆయనను చూడగానే నాయన లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"మీరు దించండి సార్. మేము చూడాల్సింది పెరట్లో ఉండాది," అన్నాడు టోపీ సార్. ముళబాగిలు వైపు మనిషి, మా తెలుగే మాట్లాడేవాడు. "ఆకాశరామన్న ఉత్తరం వచ్చినాది మాకు. ఏదీ, ఆ కొలిమి తెరువమ్మా."

నా గుండె ఆగినంత పనైంది. పోలీసుకో, జైలుకో భయపడి కాదు, నన్ను నమ్మండి. వేడి బట్టీ తెరిస్తే చల్లగాలి తగిలి పళ్లాలన్నీ పగిలిపోతాయి. పెరట్లోకి పరిగెత్తి బట్టీ తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "తెరవను సార్. రేపు పొద్దున రాండి," అన్నాను. గోడ అవతల ఊపిరి గట్టిగా లాగిన చప్పుడైంది. గోడ మీద అప్పటికి ఏడు తలలు లెక్కకు వచ్చాయి. "రేపటికి సరుకు మాయం చేస్తాదేమో సార్," అన్నాడు ఒక గార్డు. నాయన ముఖం తెల్లమట్టిలా పాలిపోయింది. అప్పుడు, ఆ ముఖం చూశాక, ఎనిమిది నెలల సంగతి నాకు గుర్తొచ్చింది. అయినా సిగ్గులేకుండా చెబుతున్నాను, పక్కకు జరగలేదు.

టోపీ సార్ నన్ను తోసేస్తాడనుకున్నాను. ఆయన మాత్రం జేబులోంచి ఏదో కాగితం తీసి, ఒకచోట వేలు పెట్టి చదువుకుని, "సరే, వేడి మీద తెరవొద్దు. సీలు వేద్దాం," అన్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు. బంగారు కడ్డీల పెట్టెకు వేసినట్టే బట్టీ తలుపుకు దారం కట్టి లక్క సీలు వేశారు. గార్డులిద్దరూ షిఫ్టుల లెక్కన కాపలా కూర్చున్నారు. మా అమ్మ షిఫ్టు మారినప్పుడల్లా కాఫీ ఇచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి లైనంతా పెరట్లోనే ఉంది. టోపీ సార్ సీలు తెంపి తలుపు లాగాడు. ఉదయపు ఎండ నేరుగా లోపల పడింది. పన్నెండు సూర్యుళ్లూ ఒక్కసారి ధగధగమన్నాయి.

"బంగారమే!" అని కొళాయత్త కేక పెట్టింది.

నేను కూడా అదే కేక పెట్టాను, సంతోషంతో. పూత అంత బాగా వస్తుందని నేను అనుకోలేదు. నా మీదున్న నేరం మర్చిపోయి "ఒక్కటి కూడా పగల్లేదు, చూడండి సార్, చూడండి!" అని ఒక పళ్లెం తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాను. నేరస్థురాలు ఇంత సంబరపడటం ఆయన సర్వీసులో చూసి ఉండడు. ఖాళీ సీసా చూపించాను, పెంకు ముక్క మీద గోధుమ రంగు మరక పూసి చూపించాను. ఆయన సీసా మూత తీసి వాసన చూసి తుమ్మాడు. పన్నెండు పళ్లాలనూ పాత పేపర్లలో చుట్టి పట్టుకుపోయాడు.

ఆ తరవాతి ఆరు రోజులూ నేను చేసిన పని ఒక్కటే, ఉత్తరం రాసింది ఎవరా అని ఆలోచించడం. కొళాయత్తే అని తేల్చేశాను. ఆవిడ మా గుమ్మం ముందు నుంచి పోతుంటే తలుపు వేసేదాన్ని. పాలవాడి మీద ఒక పూట, పంచదార అడిగినవాళ్ల మీద రెండు పూటలు కూడా అనుమానపడ్డాను. నాయన అన్నం సరిగా తినడం లేదని గమనించాను, దానికి కూడా కొళాయత్తనే తిట్టుకున్నాను.

ఏడో రోజు టోపీ సార్ పిలిపించాడు. పరీక్షకు పెట్టిన ఒక పళ్లెంలో సూర్యుడు సగం గీకేసి ఉన్నాడు. మిగతా పదకొండూ బాగున్నాయి. "దీంట్లో బంగారం సిగరెట్టు డబ్బాలో రేకంత కూడా లేదంట. దాన్ని తీసేదానికయ్యే ఖర్చు వేస్టంట. పో, తీసుకొని పో," అన్నాడు. నేను వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి ఆ ఉత్తరం నా ముందు పెట్టాడు. "మీ నాయనకు చెప్పమ్మా. ఇంగొకసారి ఆకాశరామన్న ఉత్తరం రాసేటట్లయితే కొట్టేసిన చోట పొట్టి సంతకం పెట్టొద్దని."

ఇంగ్లీషులో, అచ్చమైన గుమాస్తా ఇంగ్లీషులో, పేరాలకు అంకెలు వేసి ఉంది. ఒకటి, ఫలానా క్వార్టర్సులో పొగ వచ్చుచున్నది. రెండు, సదరు యువతి బంగారం తీయుచున్నదని క్యాంటీనులో పుకార్లు వ్యాపించుచున్నవి. మూడు, తనిఖీ ఫలానా తేదీన పగటిపూట జరిపించ ప్రార్థన. నాలుగు, బట్టీ వేడిగా ఉన్నప్పుడు తెరవరాదు, వస్తువులు పగులును, చల్లారుటకు ఒక రోజు పట్టును. అడుగున 'నకలు: ఫైలుకు' అని కూడా ఉంది. ఆకాశరామన్నకు ఫైలేమిటో! రెండో పేరాలో ఒక మాట కొట్టేసి, పైన 'సదరు యువతి' అని దిద్ది, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ పక్కన పొట్టి సంతకం చేశాడు. కొట్టేసిన మాట 'నా కూతురు'.

ఇంటికి వెళ్లి, ఆయన చేతిలో పేపరు లాగేశాను. "నేను దొంగననుకుంటివా నాయనా?"

"అనుకోలేదమ్మా," అన్నాడు. "అనుకోలేదని గట్టిగా చెప్పేదానికి ధైర్యం చాల్లేదు. ముప్పై ఏండ్లు దినామూ నన్ను తడివినారు. ఒక్క దినమైనా 'నిన్ను నమ్ముతాము, పో' అన్లేదు. అట్లే ఉండి ఉండి, నమ్మేది ఎట్లనో నాకూ మరుపొచ్చిందేమో. వాళ్లంతట వాళ్లొస్తే అంతా పగలగొట్టేస్తారు. నేను పిలిస్తే చూసి పోతారు అనుకుంటి."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మిగిలిన పదకొండు పళ్లాలనూ ప్రదర్శనకని పెట్టెలో సర్దుతుంటే ఆ నాలుగో పేరా గుర్తొచ్చింది. వేడి మీద తెరవకూడదని నేను ఎప్పుడో అమ్మతో అన్నాను. పేపరు దించకుండానే ఆయన అంతా విన్నాడు. నా పళ్లాలను కాపాడింది నా మొండితనం కాదు, ఆ ఒక్క పేరా. గీకిన పళ్లెం ఆయనకే ఇచ్చాను. కొళాయత్తకు ఒక కట్ట కరివేపాకు పంపాను. ఎందుకు పంపానో ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

ఎనిమిది నెలల తరవాత నాయన ఆఖరి రోజున పూలదండ పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన వచ్చాడు, సంచీ కింద పెట్టాడు, రెండు చేతులూ పైకెత్తాడు. "ఈ దినం వద్దులే సార్, పోండి," అన్నాడు గార్డు. "లేదప్పా, చూడు," అని పట్టుబట్టాడు నాయన. గార్డు మొహమాటంగా సంచీ తెరిచాడు. లోపల సగం గీకిన సూర్యుడు మెరిశాడు. పొద్దున మిల్లులో అందరికీ చూపించడానికి పట్టుకెళ్లాడట. ముప్పై ఏళ్లలో ఆ గేటు దాటి నాయన తెచ్చిన బంగారం అదొక్కటే.

"ఇదేంది సార్?" అన్నాడు గార్డు కంగారుగా.

చేతులు దించకుండానే నాయన చెప్పాడు, "నా కూతురు చేసింది."

గనులు ఎప్పుడో మూతపడ్డాయి. ఇప్పుడు నా వయసు ఆనాటి నాయన వయసును దాటింది. చేతులెత్తిన మనిషిని చూసి నవ్వినందుకు సిగ్గుపడే వయసు కూడా వచ్చింది. ఇప్పటికీ బట్టీ ఆపిన గంటకే తలుపు సందులోంచి చూడాలని చేతులు దురదపెడతాయి. అప్పుడు నాలుగో పేరా గుర్తు చేసుకుని, నవ్వుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంటాను.