డిస్కు నిండా దేవుళ్ళు

డెబ్బైల్లో ఆబిడ్స్‌లోని ఒక మందుల కంపెనీలో నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. మేడమీద చల్లటి గదిలో ఉండేది ఆ కంప్యూటర్. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. అంత మర్యాద చేసినా ఆ మహాతల్లి వారం రోజులు మమ్మల్ని ఏడిపించింది. ఏ గోడౌన్‌లో ఏ మందు ఉందో చెప్పే జాబితా సగందాకా వచ్చి ఆగిపోయేది. ఆపరేటర్ బల్ల మీది టైపు యంత్రం టకటకా ఒకే మాట కొట్టేది: డిస్కులో చోటు లేదు.

చోటు లేకపోవడమేమిటి, నా ఖర్మ కాకపోతే! డిస్కు అంటే పెద్ద సత్తుగిన్నెంత డబ్బా, లోపల పళ్ళేలు పేర్చినట్టు రేకులు. కంపెనీ సరుకు వివరాలన్నీ అందులోనే. కొన్నప్పుడు పదేళ్ళదాకా నిండదన్నారు. రెండేళ్ళకే నిండి కూర్చుంది.

మేనేజర్ కోస్తా నుంచి వచ్చినాయన. కోపమొస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. "చోటంతా ఏది తినేస్తోందో శనివారం మూడింటికల్లా నాకు కాగితం మీద కావాలండీ. తప్పు ఆపరేటర్‌దైతే మళ్ళీ చాదర్‌ఘాట్ గోడౌన్‌కే పంపేస్తాను" అన్నాడు.

ఆపరేటర్‌ని మేమంతా కాకా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. ఆ గోడౌన్‌లో ఇరవై ఏళ్ళు పెట్టెలు మోసి, నడుము పోగొట్టుకుని, కష్టపడి ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుని ఈ కుర్చీదాకా వచ్చాడు. పనైపోయిన ఫైళ్ళను ప్రతి శుక్రవారం చెరిపెయ్యడం ఆయన పని. అందుకే నాకు ఆయన మీదే ఒళ్ళు మండింది.

"శుక్రవారాలు ఏం చెరుపుతున్నవ్ కాకా? కుర్చీల కునుకు తీస్తున్నవా?" అని అందరి ముందూ అరిచాను.

"చెరిపేటివి చెరుపుతనే ఉన్న సారూ" అని తల వంచుకున్నాడు.

మూడు రోజులు పాత సరుకు ఫైళ్ళన్నీ ఒక్కొక్కటే తిరగేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఏదీ పెద్దది కాదు. డిస్కులో ఉన్న ప్రతి పేరూ, అది తిన్న చోటూ ముందే అచ్చు వేయించి చూసుంటే సరిపోయేది. నాకు తెలియనిదేముందిలే అన్న పొగరు! చివరికి శనివారం మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళాక ఆ పని చేశాను.

కాగితం చూసి నోరు తెరిచాను. హనుమాన్. గణేశ్. దుర్గ. మల్లన్న. ఎల్లమ్మ. యేసు కూడా ఉన్నాడు, అది నాతో పనిచేసే మెదక్ క్రైస్తవ మిత్రుడిదే అయి ఉండాలి. నాతో ప్రోగ్రాములు రాసేవాళ్ళంతా ఎవరి పనికిరాని ఫైలుకు వాళ్ళు దేవుడి పేరు పెట్టేశారు. దేవుడి పేరుంటే కాకా చెరపడు.

ఆ ఉపాయం ఎవరిదో నాకు వెంటనే గుర్తొచ్చింది. నాదే. నాంపల్లిలో నా కిరాయి గది పక్క సందులో ఎవరూ గోడ తడపకుండా ఇంటాయన దేవుళ్ళ బొమ్మలు వేయించాడు. అది చూసొచ్చి, చాయ్ తాగుతూ, "మీ ఫైలు కాకా చెరపొద్దంటే దేవుని పేరు పెట్టుండ్రి" అన్నాను. అందరం పడీపడీ నవ్వుకున్నాం.

అన్నిటికంటే పెద్ద ఫైలు నరసింహ. ఇంగ్లీషులో కుదించి రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు, ఆ యంత్రం ఒప్పుకునేది అంతే. డిస్కులో పావువంతు అదే తింది. నిరుడు కొత్త ప్రోగ్రాము కుదరకపోతే అక్కరకొస్తుందని సరుకు వివరాలన్నిటికీ నకలు తీసి దాచుకున్నాను. తర్వాత దాని మొహం చూడలేదు.

రెండున్నరైంది. గదిలో ఎవరూ లేరు. టైపు యంత్రం ముందు కూర్చుని నరసింహను చెరిపేశాను. జాబితా మళ్ళీ అచ్చు వేయించి, మొదటిది చింపి పారేశాను. ఛీ, ఇప్పటికీ రాయడానికి చెయ్యి వెనక్కి పోతోంది.

మూడింటికి మేనేజర్ ఆ రెండో కాగితం చూశాడు. గొంతు బాగా తగ్గింది. "ఇవన్నీ ఎందుకు చెరపలేదయ్యా?"

"దేవుళ్ళ పేర్లున్నయ్ సార్. చెయ్యాడలే" అన్నాడు కాకా.

పేర్లు పెట్టినవాళ్ళం వరసగా నిలబడి ఉన్నాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. సోమవారం నుంచి గోడౌన్‌కి వెళ్ళమని చెప్పి మేనేజర్ తన గదికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు జారుకున్నారు.

కాకా తన బల్ల సర్దుకుంటూ టైపు యంత్రంలోంచి పొడుగ్గా వేలాడుతున్న కాగితం చింపాడు. కంప్యూటర్‌కి ఇచ్చిన ప్రతి ఆజ్ఞా టైముతో సహా అందులో పడుతుంది. సాయంత్రం మేనేజర్ దాన్ని చూసి సంతకం పెడతాడు. నరసింహను ఎప్పుడు చెరిపారో అందులో ఉంది. ఆ గదిలో అప్పుడు నేనొక్కణ్ణే ఉన్నానని అందరికీ తెలుసు.

కాకా దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో పెట్టాడు.

"నర్సింహ్మ నీదే అని నాకు మొదటి దినం నుంచే ఎరుక బిడ్డా. నీ ప్రోగ్రాము అచ్చుగుద్దిన కార్డులు మెషిన్ల పెట్టింది నేనే గద."

"మరి చెప్పలేదేంది కాకా?"

"దేవుని పేరు పెట్టుకున్నవంటే నీకు గంత అక్కరున్నదనుకున్న" అన్నాడు. నడుము పట్టుకుని వంగి చెప్పులు తొడుక్కుని, నెమ్మదిగా మెట్లు దిగాడు.

మేనేజర్ గది తలుపు తెరిచే ఉంది. ఆయన లోపలే ఉన్నాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత చెప్పులు వేసుకుని నేనూ మెట్లు దిగాను.