మరమగ్గాల నడుమ పెరిగిన గొంతు

హుజూరాబాద్ వృద్ధాశ్రమంలో నేను నర్సుగా ఉన్నప్పుడు, ప్రతి సోమవారం ఒక తాత వచ్చి మంచం మంచానికీ ఆగి ప్రార్థన చేసేవాడు. ముప్పై ఏళ్లు మరమగ్గాల చప్పుడులో మాట్లాడిన గొంతు కదా, దేవుడితోనూ అరుస్తూనే మాట్లాడేవాడు.

"మెల్లగ మొక్కు తాతా," అన్నానొకసారి. పాపం, గుసగుసగా మొక్కాడు. మంచాన పడ్డ ఒక అవ్వ కసిరింది. "ఏందయ్యా, నా మీద దేవునికి చాడీలు చెప్తున్నవా? జర గట్టిగ మొక్కు!"

అందరి కోసం మొక్కాక నా వైపు తిరిగాడు. "నీకేం గావాలె బిడ్డా?"

చెవిలో చెప్పాను. వెంటనే చేతులెత్తాడు. "సామీ! గీ పిల్లకు నెల సంది సెలవు దొర్కలే! ఖానాపూర్ల బిడ్డను చూసొస్తదట!"

దేవుడి సంగతేమో గాని, పక్కగదిలోని మేనేజరుకు వినబడింది. సెలవు చీటీ మీద సంతకం పెడుతూ భయంభయంగా అడిగాడు:

"ఇంకేమన్న చెప్పినవామ్మా, ఆ తాత చెవుల?"