తస్రిప్ చెప్పని మాట

తస్రిప్ మా డిపోలో రైళ్లకు స్నానం చేయించేవాడు. కడుగుతాడు అంటే ఒప్పుకునేవాడు కాదు. తెగల్ ఊరి దగ్గర వాళ్ల పల్లెలో నాన్నా తాతా చనిపోయినవాళ్లకు ఆఖరి స్నానం చేయించిన మనుషులు. ఇతనూ కుర్రతనంలో ఆ పనే చేశాడు. జకార్తా వచ్చి లోకల్ రైళ్ల డిపోలో కుదిరాక కూడా చేతికి ఆ అలవాటు పోలేదు. బోగీకి కుడివైపు నుంచే మొదలుపెట్టాలి, మూడు నీళ్లు పోయాలి. ఎడమ నుంచి మొదలుపెట్టిన కొత్తవాళ్లను చీపురు ఎత్తి అదిలించేవాడు. నేను బోగీల లోపల తుడిచేవాణ్ని. బయట ఆయన నీళ్లు కొడుతుంటే కిటికీ సందుల్లోంచి నా నెత్తిన పడేవి, నేను తిట్టేవాణ్ని. ఏళ్లతరబడి మా స్నేహం ఇదే.

మా రైళ్లన్నీ జపాన్ వాళ్లు వాడి వదిలేసినవే. అక్కడ ముసలివైపోయాయని ఓడెక్కిస్తే, ఇక్కడ దిగి ఎరుపూ పసుపూ చారలేయించుకుని మళ్లీ పడుచువయ్యేవి. తలుపుల మీద జపాన్ అక్షరాల చీటీలు గోకీ గోకీ నా గోళ్లు అరిగిపోయాయి. ఒక కొత్త రేకు, అంటే బోగీల వరస, డిపోలోకి వచ్చిందంటే పసుపన్నం గోపురంలా పోసి, కోడి వండి, దువా చదివి, అధికారులూ కూలీలూ ఒకే చాప మీద కూర్చుని తినేవాళ్లం. దువా తస్రిప్‌దే. చివర్లో, ఇది ఎవరినీ చంపకుండా చూడు తండ్రీ అనేవాడు. శుభమా అని అన్నం ముందు కూర్చుంటే ఆ మాటేంటని అధికారులు మొహం చిట్లించేవాళ్లు. ఆయన మానలేదు.

చంపకుండా ఎలా ఉంటాయి? పట్టాలకు చెయ్యి చాపినంత దూరంలో ఇళ్లు, బట్టలారేసిన తాళ్లు, గోడకు కన్నం కొట్టి చేసుకున్న దారులు. మనిషిని గుద్దిన రైలు మధ్యాహ్నం మా దగ్గరికొస్తే, సాయంత్రం రద్దీకి మళ్లీ పట్టాలెక్కాలి. పాతవి తుక్కు కింద తీసేసి ఊరి బయట ఒకదాని మీద ఒకటి పేర్చేశారు, వాటి బదులు రావాల్సినవి రాలేదు. ఉన్నవాటిలో ఒక్క రేకు తగ్గితే జనం ఊపిరాడక స్పృహ తప్పేవాళ్లు. అందుకని సూపర్‌వైజర్ హెర్లంబాంగ్ గడియారం చూసుకుంటూ తస్రిప్ నెత్తినే నిలబడేవాడు. శవానికి చేసినట్టు ఆఖరి నీళ్లలో కర్పూరం కలుపుతుంటే, ఇనుముకి కఫన్ గుడ్డ కూడా కుట్టిస్తావా అని వెక్కిరించేవాడు. తస్రిప్ వినిపించుకోకుండా మూడో నీళ్లు పోసేవాడు.

చక్రాల మధ్య ఒక్కోసారి ఏవో మిగిలిపోయేవి. రూలు ప్రకారం పోలీసులకు కబురు పెట్టాలి, వాళ్లు వచ్చేదాకా రైలు కదలకూడదు. ఆ రూలు పాటించినట్టు నేనెప్పుడూ చూడలేదు. దొరికినదాన్ని తస్రిప్ తెల్లగుడ్డలో చుట్టి, షెడ్డు వెనక ప్రహరీ పక్కన గొయ్యి తీసి, దువా చదివి పూడ్చేవాడు. గుర్తుకి రాయి కూడా పెట్టేవాడు కాదు. హెర్లంబాంగ్‌కి కావలసిందీ అదే. రైలు టైముకి వెళ్లిపోయేది, తస్రిప్ మనసూ తేలికపడేది.

వానలు మొదలైన కొత్తలో ఒక రేకు కింద పడి మైసారో అనే అమ్మాయి పోయింది. బట్టల కొట్లో పనిచేసే పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు. పొద్దువాలే అసరు నమాజు వేళకే ఖననం అయిపోయిందని విన్నాం. ఆ రోజు నేను వేరే రేకులో ఉన్నాను. సాయంత్రం తస్రిప్ కాఫీ గ్లాసు ముందు పెట్టుకుని తాగలేదు. ఏం దొరికిందని అడిగితే, ఏం దొరుకుతుంది, బురద అన్నాడు.

రెండ్రోజులకు వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చింది. రొహాయా ఆమె పేరు, పొద్దుటే కొబ్బరిపాల అన్నం అమ్ముకునే మనిషి. కూతురికి ఆఖరి స్నానం తనే చేయించిందట. కుడిపాదం లేదు, మీ రైలు కిందే ఉండి ఉంటుంది, వెతికి ఇవ్వండి అని నెమ్మదిగానే అడిగింది. హెర్లంబాంగ్ బయటికొచ్చి, అంతా వెతికించాం, ఏమీ లేదని కుర్చీ వేయించి టీ ఇప్పించి పంపించాడు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఏ రైలో చూపించమంది. అన్నిటికీ ఒకటే మొహం బూ, ఏదని చూపించనమ్మా అన్నాడు వాచ్‌మన్. నిజమే, ఆ రేకు అప్పటికే జనాన్ని మోసుకుని ఏ బోగోర్ దారిలోనో ఉంది.

ఆ వానకాలమంతా ఆవిడ వస్తూనే ఉంది. అన్నం అమ్మకం అయిపోగానే ఖాళీ గిన్నెతో వచ్చి, గేటు పక్కన ఎవరికీ అడ్డం లేకుండా కూర్చునేది. తస్రిప్ వెనక గేటు నుంచి ఇంటికెళ్లడం మొదలుపెట్టాడు. అది చూశాక నాకు ఒళ్లు మండింది. షెడ్డులో నిలదీశాను.

"నీకు దొరికింది కదా మాస్? చెప్పన్నా."

ఆయన చీపురు ఆపలేదు. "శవాన్ని కడిగినవాడు చూసింది బయటికి చెప్పకూడదు జున్. చచ్చినవాళ్ల మర్యాద అది. మా నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఆవిడ ఊళ్లోవాళ్ల లాంటిదా? కన్నతల్లి."

"తల్లికి అసలు చెప్పకూడదు. నేను కర్పూరం వేసి కడిగాను, గుడ్డ చుట్టాను, దువా చదివాను. పిల్ల చల్లగా ఉంది. ఇప్పుడు మళ్లీ తవ్వి ఆవిడ గుండె చీల్చమంటావా?"

పట్టరాని కోపంతో ఏదేదో అన్నాను. నీ ఒట్టు వల్ల చల్లగా ఉన్నది హెర్లంబాంగ్ ఒక్కడే అని కూడా అన్నాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. ఆయన్ని నేనెరుగుదును. దొంగ కాదు, పిరికివాడు కాదు. చచ్చినవాళ్ల మర్యాద కాపాడుతున్నానని మనసారా నమ్మాడు. నా ఏడుపల్లా అందుకే. చెడ్డవాడైతే చొక్కా పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లేవాణ్ని.

నాకోసమో తనకోసమో, ఆ సాయంత్రం ముందు గేటు నుంచే బయల్దేరాడు. రొహాయా వాచ్‌మన్‌తో మాట్లాడుతోంది. కలలో కూతురు గుమ్మం దాకా వస్తుందట, లోపలికి రాదట. కాళ్లు కడుక్కుని రావే అంటే ఒక్క కాలే కడుక్కుని వెనక్కి వెళ్లిపోతుందట. తస్రిప్ అక్కడే ఆగిపోయాడు.

"బూ, పాదం నాకు దొరికింది. నేనే పూడ్చాను," అన్నాడు.

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. లేచి, బట్టలు దులుపుకుని, పద అన్నట్టు చూసింది. వాచ్‌మన్ గేటు తీశాడు. హెర్లంబాంగ్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడితే, నేనూ మరో ఇద్దరూ ఆయనకు అడ్డం నిలబడ్డాం.

తస్రిప్ ప్రహరీ పక్కన పార పట్టాడు. నేరుగా ఒకచోటికి వెళ్లాడు, ఇక్కడే అన్నాడు. ఆ వానలకు రైళ్లు కడిగిన నీళ్లూ కాలవ నీళ్లూ కలిసి నేలంతా కదిలిపోయి ఉంది. మోకాలి లోతున ఒక ఎముక దొరికింది, చేతి ఎముక. అది కాదన్నాడు. పక్కన తవ్వితే ఒక పాదం ఎముకలు, ఆ పక్కన ఇంకో పాదానివి. గుడ్డలు చివికిపోయాయి, మాంసం ఎప్పుడో మట్టయిపోయింది. ఏళ్లుగా పూడ్చినవన్నీ ఒక్కొక్కటీ పైకొస్తున్నాయి. వేళ్లతో మట్టి తీసి, నీళ్లు పోసి కడిగి, గోనె మీద వరసగా పెట్టాడు. వాటికేసి చాలాసేపు చూశాడు.

"నువ్వు వచ్చిన రోజే చెప్పి ఉంటే పోల్చుకునేదానివమ్మా. ఇప్పుడు నాకే తెలియట్లేదు."

రొహాయా వంగి చూసింది. ఒక్కొక్కదాన్నీ ముట్టుకుంది. కూతురిది ఏదో ఆవిడకూ తెలియలేదు.

"ఇవన్నీ ఎవరివి?"

"రైలు కింద పడ్డవాళ్లవి."

"వీళ్ల అమ్మలకి చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ భుజాన ఉన్న బాతిక్ గుడ్డ తీసింది. మా వైపు ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఎత్తుకునే గుడ్డ అది. నేల మీద పరిచి ఎముకలన్నీ, చేతివీ కాళ్లవీ ఏదీ వదలకుండా అందులో పెట్టింది. అన్నీ మైసారో దగ్గరే ఉంటాయి, వాళ్లమ్మలు వెతుక్కుంటూ వస్తే మా ఇంటికి పంపండి అని వాచ్‌మన్‌కి చెప్పింది. మూట భుజానికి కట్టుకుంది. తస్రిప్ చేతులు కడుక్కుని మూట అందుకోబోయాడు.

"మీరు మొయ్యక్కర్లేదయ్యా. పార తీసుకుని రండి," అంది.

ఆవిడ ముందు నడిచింది, తస్రిప్ పార పట్టుకుని వెనక నడిచాడు. ఖబరస్తాన్‌లో కూతురి సమాధి పక్కన మట్టి ఆయనే తవ్వాడు. ఆ తవ్వకంతో ఉద్యోగం పోయి తెగల్ వెళ్లిపోయాక, ఊళ్లో ఎవరు చనిపోయినా, ఆఖరి స్నానానికి ఎవరు పిలిచినా ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదట.