పేరు లేని పేషెంటు

మా స్కానింగ్ సెంటరుకి నిన్న కొత్త స్టాంపు ప్యాడు వచ్చింది. మూత తీయగానే ఊదారంగు సిరా వాసన గుప్పుమంది. కొంచెం తియ్యగా, కొంచెం కిరసనాయిలులా ఉండే ఆ వాసన ముక్కుకి తగలగానే నాకు ఒక బొమ్మ కళ్ల ముందుకొచ్చింది. పెద్ద తల, కళ్లూ ముక్కూ లేని మొహం, కుడి చేతికన్నా పొట్టిగా ఎడమ చెయ్యి. ఆరేళ్ల కిందట అమలాపురంలో డాక్టర్ సుభద్రగారి ఆసుపత్రిలో రోజుకి ముప్పైసార్లు ఆ బొమ్మ స్టాంపు వేసేదాన్ని. ఆవిడ సర్జన్. హెర్నియాలూ అపెండిసైటిసులూ అన్నీ చూసేవారు గానీ, చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం ఆవిడ పేరు 'కంతుల డాక్టరమ్మగారు'.

డిగ్రీ అయ్యాక నేను అక్కడ చేరింది పేషెంట్లను పేరు పెట్టి పిలిచే పనికి. నాలాంటిదానికి ఆ పని ఎవరిచ్చారో తెలియదు. మొదటి రోజు నేను పిలిచిన పిలుపు ముందు బెంచీ దాకా కూడా వెళ్లలేదు. మూడో రోజు డాక్టరుగారు నన్ను లోపలికి రమ్మన్నారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. "నీ గొంతు బయటికి రాదు గానీ అక్షరం బావుందమ్మాయ్. లోపల కూర్చుని రాయి" అన్నారు. అలా ఆవిడ పక్కన చిన్న బల్ల, దాని మీద కంతుల పుస్తకం, ఆ రబ్బరు స్టాంపు నా పాలబడ్డాయి. పేషెంటు రాగానే పేజీలో మనిషి బొమ్మ స్టాంపు వేయాలి, కంతి ఎక్కడుందో చుక్క పెట్టాలి, డాక్టరుగారు టేపుతో కొలిచి చెప్పిన సెంటీమీటర్లు పక్కన రాయాలి. బొమ్మకి ఎడమ చెయ్యి ఎందుకు పొట్టిగా ఉందని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "స్టాంపు చేసినాయన అక్కడికొచ్చేసరికి భోజనానికి వెళ్లుంటాడు" అన్నారు.

జనం కంతిని కాయలతో చెప్పేవారు. ముక్తేశ్వరం నుంచి ఒకావిడ వచ్చి, మోచేతి పైన ఉన్నది మొదట ఉసిరికాయంత ఉండేదనీ ఇప్పుడు నిమ్మకాయంత అయిందనీ చెప్పింది. "ఏ నిమ్మకాయండీ? మీ దొడ్లోదా, సంతలోదా?" అన్నారు డాక్టరుగారు టేపు చాపుతూ. ఆవిడ నవ్వేసింది. కంతి చుట్టూ చర్మం ఎర్రగా కాలి ఉంది. కరిగిపోతుందని ఎవరో చెబితే పది రోజులు సున్నమూ బెల్లమూ కలిపి పట్టీ వేసిందట. "కంతి చల్లగా కూర్చుందండి, మీ తోలే కాలింది. ముందు పుండు మాననివ్వండి, తర్వాత దాని సంగతి చూద్దాం." ఇంకోసారి జొన్నాడ నుంచి కొబ్బరి దింపు చేసే నూకరాజుగారు వచ్చారు. మెడ వెనక మెత్తటి కంతి.

"ఎన్నాళ్ల నుంచి ఉందండి?"

"పాతికేళ్లండి. మా ఆవిడకంటే సీనియరండి."

"నొప్పి గానీ, పెరగడం గానీ?"

"దీంతో ఏమీ లేదండి. నొప్పంటే మా ఆవిడతోనే అండి, అప్పుడప్పుడూ..."

బయట బెంచీ మీంచి వాళ్లావిడ దగ్గు వినపడింది. డాక్టరుగారు కంతిని వేళ్లతో అటూ ఇటూ కదిపి, "సీనియర్ గారి జోలికి మనం వెళ్లొద్దు. మళ్లీ ఏడాదికి కొలుద్దాం" అని పంపేశారు. కత్తి చేతిలో ఉన్నవాళ్లు కత్తిని పక్కన పెట్టడం నేను చూసింది అప్పుడే.

మెల్లగా నాకూ నేర్పారు. పేషెంటు సరేనంటే నా వేళ్లు పట్టుకుని కంతి మీద పెట్టేవారు. "ఇది కొవ్వు కంతి. వేలి కింద చేపపిల్లలా జారిపోతుంది చూడు. ఇప్పుడు కండ బిగించమను. ఇంకా కదులుతోందా? అయితే చర్మం కిందే ఉంది. బిగించినప్పుడు కదలడం మానేస్తే లోపల కండలో ఉన్నట్టు. లోతుగా ఉన్నా, ఐదు సెంటీమీటర్లు దాటినా, తొందరగా పెరుగుతున్నా ముందు స్కాను, తర్వాతే కత్తి." నేను ఇంటికెళ్లి ఇవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఒక ఆదివారం స్నానాలగదిలో నిలబడి ఇదే పరీక్ష నా మీద చేసుకున్నాను. కుడి తొడలో ఎనిమిది నెలలుగా నేను దాచుకుంటున్న కంతి, కండ బిగించగానే కదలడం మానేసింది.

అమ్మకి చెబితే ఏడుస్తుంది. నాన్న కువైట్‌లో డ్రైవరు, ఆయనకి చెబితే నిద్రపోరు. రోజంతా పక్కనే కూర్చునే డాక్టరుగారికి చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు సాయంత్రం ఓపీ అయిపోయి ఆవిడ టీ తాగడానికి వెళ్లినప్పుడు, పుస్తకంలో కొత్త పేజీ తీసి స్టాంపు వేశాను. కుడి తొడ మీద చుక్క పెట్టాను. 'వయసు 22. ఆరు సెంటీమీటర్లు. లోతుగా ఉంది. పెరుగుతోంది. నొప్పి లేదు, స్కూటీ మీద కూర్చుంటే బరువుగా ఉంటుంది. కండ బిగిస్తే కదలదు.' పేరు దగ్గర ఖాళీ వదిలేశాను.

ఆవిడ రోజూ ఇంటికెళ్లేముందు పుస్తకం తిరగేస్తారు. చివరి పేజీ దగ్గర ఆగారు. నేను కిటికీ తెర సర్దుతున్నాను. సర్దిందే మళ్లీ సర్దుతున్నాను.

"ఈ పేషెంటుని నేను చూడలేదే" అన్నారు. పేజీ మళ్లీ మొదటి నుంచి చదివి, "ఎవరు రాశారో గానీ, ఒక్క ముక్క వదల్లేదు" అన్నారు. కింద ఏదో రాసి, పుస్తకం నా బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండానే వెళ్లిపోయారు. 'రేపు తొమ్మిదిన్నరకి, ఓపీకి ముందు, రమ్మనండి. వాళ్లమ్మగారిని కూడా.'

మర్నాడు అమ్మకి చెప్పి వెంటబెట్టుకుని వెళ్లేసరికి డాక్టరుగారు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. "పేరు?"

"మీకు తెలుసు కదండీ."

"నాకు తెలుసు. పుస్తకానికి తెలీదు."

"సుధ అండి" అన్నాను. నా పేరు నాకే కొత్తగా వినపడింది. పరీక్ష అయ్యాక అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏం కాదు కదండీ?"

"తెలీదండి. నా చేతికి మంచిదిలాగే తగిలింది. కానీ లోతుగా ఉంది, పెరిగింది. స్కానూ సూది పరీక్షా అయితే గానీ నేను మాటివ్వను. మంచైనా చెడైనా ముందు మీకే చెబుతాను."

ఆ రోజు నాకు బాధేసింది. నూకరాజుగారితో అంత తేలిగ్గా నవ్విన మనిషి, నాకు ఒక్క 'ఏం కాదులే' ఇవ్వలేకపోయారా అనుకున్నాను. కానీ కాకినాడలో స్కాన్ రోజున ఆవిడే కారు తీసి మా ఇంటి ముందు ఆపారు. "నాకూ అక్కడ పనుందిలెండి" అన్నారు. సాయంత్రం దాకా మా పక్కన బెంచీ మీద కూర్చుని వారపత్రిక చదవడం తప్ప ఆవిడ అక్కడ చేసిన పనేమీ లేదు. స్కాన్‌లో అంతా కొవ్వులాగే కనిపిస్తోందన్నారు గానీ, కొవ్వు మధ్యలో ఒకటి రెండు గీతలు అనుమానంగా ఉన్నాయని, సూదితో చిన్న ముక్క తీయించి ఆ పరీక్ష కూడా చేయించారు. ఆ రిపోర్టు కోసం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నాకు మామూలుకన్నా ఎక్కువ పని చెప్పారు. రాస్తున్నంతసేపూ నాకు రిపోర్టు గుర్తొచ్చేది కాదు. ఆవిడకి అది ముందే తెలుసనుకుంటాను.

పదో రోజు ఓపీ కిటకిటలాడుతోంది. ఆవిడ కవరు చింపి చదివి, గది తలుపు దగ్గరికొచ్చి, మందుల బిల్లులు తేవడానికి బయటికెళ్లిన నన్ను చూసి కేకేశారు. "సుధా! కొవ్వేనే! వట్టి కొవ్వు!"

హాలు హాలంతా నా వైపు తిరిగింది. డాక్టరుగారు నాలిక కరుచుకున్నారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. మూలనున్న పెద్దాయనొకరు, "ఆయ్, శుభమండి!" అన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

పెరుగుతోంది కాబట్టి తీసేద్దామన్నారు. ఆపరేషన్ మర్నాడు మంచం దగ్గరికొచ్చి, "ఏడున్నర సెంటీమీటర్లు. నువ్వు ఆరు రాశావ్. లోతులో ఉన్నది చేతికి చిన్నదిగానే తెలుస్తుంది. పుస్తకంలో దిద్దుకో" అన్నారు.

రెండేళ్లయింది, ఆవిడ ఆసుపత్రి మూసేసి కొత్తపేటలో చెల్లెలుగారి దగ్గరికి వెళ్లారు. నేను ఈ స్కానింగ్ సెంటరులో కౌంటరు పనికి చేరాను. నూకరాజుగారితో ఎందుకు నవ్వారో నాకిప్పుడు తెలుసు. అప్పుడు ఆవిడకి తెలుసు కాబట్టి నవ్వారు. నా విషయం ఇంకా తెలియదు కాబట్టి ఊరుకున్నారు. ఊరికే ఓదార్చడం కన్నా అలా పక్కన కూర్చోవడం ఎంత కష్టమో ఈ సెంటరులో రోజూ చూస్తున్నాను. ఇవాళ ఆలమూరు నుంచి ఒకావిడ ఒంటరిగా వచ్చింది. వీపు మీద కంతి. కౌంటరు మీదకి వంగి, ఎవరికీ వినపడకుండా, "ఏం కాదు కదమ్మా?" అంది. పక్క కుర్చీలో అమ్మాయి ఏం కాదులెండి అనబోయింది. నేను లేచి నిలబడ్డాను.

"తెలీదండి" అన్నాను. "తెలిసేదాకా నేనూ మీతోనే ఉంటాను. లోపలికి కూడా వస్తాను, పదండి."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చేతిలో సంచి నాకిచ్చి లేచింది.