చట్టంలో ఉంది, ఫారంలో లేదు

అంధ బాలికల పాఠశాలలో ఆవిడ లైబ్రేరియన్. పిల్లలకి అక్క. పదో తరగతి సైన్సు పుస్తకానికి బ్రెయిలీ ప్రతి ఎక్కడా దొరక్కపోయేసరికి, నాలుగు నెలలు కూర్చుని పుస్తకమంతా తనే చదివి రికార్డు చేసింది. బయటి హారన్లు వినపడకుండా కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ చదివింది. బొమ్మలున్నచోట బొమ్మని మాటల్లో చెప్పింది. గుండె బొమ్మ ఒక్కటే మూడు రోజులు తిప్పలు పెట్టింది. ఆ ఆడియోని పాఠశాల వెబ్‌సైట్లో, పిల్లలకి మాత్రమే తెలిసిన పాస్‌వర్డుతో ఉంచింది.

పదకొండు రోజులకే అది మాయమైంది. ప్రచురణ సంస్థ కాపీరైటు ఫిర్యాదు చేసిందని, అందుకే తీసేశామని వెబ్‌సైటు నడిపే కంపెనీ రాసింది.

ఆవిడ సొంత అక్క మొగుడు వకీలు. "చూపు లేనివాళ్ల కోసం ఇలా చదివిపెడితే అనుమతి అక్కర్లేదు. చట్టంలోనే మినహాయింపు ఉంది" అన్నాడు.

"మరి ఎందుకు తీసేశారు బావా?"

"తీసేసేవాడికి చట్టం చదివే తీరికెక్కడిది? తప్పు చెయ్యలేదని చెప్పుకోవడం నీ వంతు."

ప్రచురణ సంస్థ ఆఫీసుకి వెళ్తే గుమస్తా ఒక అనుమతి ఫారం చేతిలో పెట్టాడు. అందులో అనువాదానికి ఒక గడి ఉంది, సినిమాకి ఒక గడి ఉంది.

"అంధుల కోసం అని ఎక్కడ రాయాలండీ?"

"ఆ గడి లేదు మేడమ్."

"చట్టంలో ఉంది కదా!"

"చట్టంలో ఉండొచ్చు. మా ఫారంలో లేదు."

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. బావ చేత మూడు ఉత్తరాలు రాయించింది. మూడింటికీ 'మీ ఉత్తరం అందింది' అన్న జవాబే. ఈలోగా రోజూ మధ్యాహ్నం పద్నాలుగుమంది పిల్లల్నీ కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి వినిపించింది. గొంతు పోయింది. రెండు వారాలు నోరు విప్పొద్దన్నాడు డాక్టరు.

సైన్సు పరీక్ష అయిన మర్నాడు ఆడియో మళ్లీ కనిపించింది. క్షమాపణ లేదు, కారణం లేదు.

ఫలితాల్లో ఇద్దరు సైన్సు తప్పారు. వాళ్లలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఆడియో వచ్చేసిందంట కదా. నెల ముందొచ్చుంటే ఎంత బాగుండేదో!"

"ఈసారి సాంఘికశాస్త్రం మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకో తల్లీ, మనకెందుకీ గొడవ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"అక్కర్లేని అనుమతి ఎవర్ని అడగమంటారు మేడమ్?"

ఆ సోమవారమే ఆవిడ సాంఘికశాస్త్రం మొదటి పాఠం రికార్డు చేసింది.